తలలెక్కయు ధర్మనిర్ణయమును

లోకాభిప్రాయమును గూర్చి మన భాషలో రెండు సామెతలు గలవు. ఒకటి "నలుగురితో నారాయణా" యనునది. రెండవది "లోకులు పలుగాకులు" అనునది. మొదటిదాని ననుసరించువాడు నలుగురేమందురో విని, పిమ్మట తన ధర్మమును నిర్ణయించుకొనును. రెండవదాని ననుసరించువాడు తనకు దోచిన ధర్మమును బ్రకటించి, వినని వారిని గాకులుగా నెంచి, తలుపు వేసికొని కూర్చుండును. ఒకే లింగమునకు జెందిన యిద్దరు వ్యక్తులు చట్టప్రకారము వివాహమాడవచ్చునా యను ప్రశ్న మన సుప్రీముకోర్టు ద్వారమును దట్టి, 2023వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన రిక్తహస్తములతో వెలుపలికి వచ్చినది. నాటినుండియు నీ రెండు సామెతలు మరల గట్టిగా వినబడుచున్నవి. "లోకమింకను సిద్ధము కాలేదు" అని యొకరు. "మూఢలోకముతో మనకేమి పని" అని మరియొకరు. ఈ యిరువురును దప్పుదారిని బోవుచున్నారు. ఇతరదేశములలో నీ వివాహోద్యమములను నడపినవారు చేసిన ప్రజాభిప్రాయ పరిశోధనమే యందులకు సాక్ష్యము.

నా ప్రతిజ్ఞను ముందుగనే చెప్పెదను. ప్రజాభిప్రాయము సంస్కర్తకు బాఠము చెప్పగలదు, తీర్పు చెప్పజాలదు. ఈ భేదము బడిపంతులకు సులభముగా దెలియును. తరగతిలో నలువదిమంది యొక లెక్కకు దప్పు సమాధానము వ్రాసినంత మాత్రమున లెక్క మారదు. కాని నలువదిమందియు నొకే తప్పు వ్రాసిరేని, ఆ తప్పెచ్చట బుట్టినదో యరయక, అదే పాఠమును మరింత బిగ్గరగా జదివి వినిపించు నుపాధ్యాయుడు తన పని తాను జేయుటలేదు. పిల్లల పలకలను జూడనివాడును, పలకలను జూచి లెక్కనే మార్చివేయువాడును, ఇరువురును విద్యకు ద్రోహులే.

మొదట మన యింటి సంగతి చూతము. 2023 ఏప్రిలులో, వ్యాజ్యము విచారణలో నుండగనే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా యను న్యాయవాదుల మండలి యొక తీర్మానము జేసి, దేశప్రజలలో నూటికి 99.9 వంతులకు మించినవారు స్వలింగవివాహమను భావమునకే వ్యతిరేకులని ప్రకటించెను. అనగా వేయిమందిలో ఒక్కడు తప్ప నందరును! ఈ సంఖ్యకు ఆధారముగా నే సర్వేయు నందు జూపబడలేదు. గజము నేల తగవునకు సైతము సాక్షియేడి, పత్రమేదియని యడుగు వృత్తివారు, కోట్ల జనుల మనస్సును గూర్చి యిట్లు ప్రమాణరహితముగా బలుకుట యాశ్చర్యకరము. అదే సంవత్సరము ప్యూ పరిశోధన సంస్థ భారతదేశమున జరిపిన సర్వేలో, ఇట్టి వివాహములకు జట్టపు గుర్తింపు నొసగుట కనుకూలురు నూటికి 53 మంది, ప్రతికూలురు 43 మంది యని తేలినది. 53 మంది యొప్పిరి గావున నిది న్యాయమని నేను వాదింపను. అట్లు వాదించినచో రేపు 43 మందియే యొప్పినప్పుడు నోరు మూసికొనవలసి వచ్చును. నేను జెప్పునది యింతమాత్రమే: "లోకము" అని మనవారు చూపుచున్నది పెక్కు పర్యాయములు వారి వసారాలో గూర్చున్న నలుగురు మిత్రులు మాత్రమే.

సర్వే యన నేమో కొంచెము తెలిసికొని ముందునకు బోదము. అన్నముడికినదో లేదో చూచుటకు గృహిణి కుండ నంతయు గుమ్మరింపదు. గరిటెతో గలియబెట్టి యొక మెతుకు పట్టి చూచును. దీనినే మన శాస్త్రకారులు స్థాలీపులాకన్యాయమనిరి. సర్వేకు మూల మీ న్యాయమే. కలియబెట్టకుండ బైమెతుకు మాత్రమే చూచిన మోసపోవుదుము. కావుననే నిజమైన సర్వే చేయువారు తమకు బరిచితులైన వారిని గాక, చీట్లు తీసినట్లు నిష్పక్షపాతముగా నెన్నుకొన్న వారిని, పల్లెలలోను బట్టణములలోను, స్త్రీలను బురుషులను, చదివినవారిని జదువనివారిని అడుగుదురు. ప్రశ్నలోని మాటలు మారినచో నుత్తరమును మారును. "మీ యింట నిట్టి పెండ్లి జరిగిన సంతోషింతురా" యనుటయు, "వయస్సు వచ్చిన యిద్దరు కలిసి కాపురము జేయదలచినచో జట్టము వారి నడ్డవలయునా" యనుటయు నొక్కటి కాదు. ఇంకొక మాట. మెతుకు పట్టి చూచుట వంట యెంతవరకు వచ్చినదో తెలిసికొనుటకే. ఇంటిలో నెవరి కన్నము పెట్టవలయును, ఎవరిని బస్తుంచవలయును అను నిర్ణయమును మెతుకు చేయదు.

ఈ విషయమున అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్ర మిక్కిలి బోధకరమైనది. గాలప్ సంస్థవారు 1996లో నడిగినప్పుడు, స్వలింగవివాహములకు జట్టము గుర్తింపు నొసగవలయుననినవారు నూటికి 27 మంది. 2004 మే నెలలో మసాచుసెట్స్ రాష్ట్రము న్యాయస్థానపు తీర్పు ననుసరించి యిట్టి వివాహములను మొదటిసారిగా జరిపించెను. ఆ సంవత్సరము నవంబరుననే 11 రాష్ట్రముల ఓటర్లు వీనిని నిషేధించు సవరణలను దమ రాష్ట్ర రాజ్యాంగములలో జేర్చిరి. 2008లో గాలిఫోర్నియా వంతు వచ్చెను. మే నెలలో నా రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము వివాహహక్కు నొసగగా, నవంబరు 4వ తేదీన "ఎనిమిదవ ప్రతిపాదన" యను పేర ఓటర్లు దానిని దీసివేసిరి. ప్రతిపాదన పక్షమున నూటికి 52, ఎదిరి పక్షమున 48. వేసవికాలపు సర్వేలలో నా ప్రతిపాదన యోడిపోవునట్లే కనబడియుండెను. ఉదారభావములకు బేరుపడిన రాష్ట్రమున, గెలుపు చేతికందినదని తలచుచున్న తరుణమున గలిగిన యీ యోటమి యుద్యమకారులను గ్రుంగదీసెను.

అప్పుడు వారు "లోకులు పలుగాకులు" అని యూరకుండినచో గథ యంతటితో ముగిసియుండెడిది. వారట్లు చేయలేదు. డేవిడ్ ఫ్లైషర్ అను నుద్యమకారుడు ఆ యెన్నికకాలమున సేకరించిన యభిప్రాయముల లెక్కలను దిరుగవేసి 2010లో నొక నివేదికను బ్రకటించెను. కడపటి వారములలో మనస్సు మార్చుకొన్నవారిలో, ఇంటిలో బదునెనిమిదేండ్ల లోపు బిడ్డలు గల తలిదండ్రులు ముఖ్యులని యందు దేలినది. వారిని గలతపెట్టినది ప్రతిపక్షమువారి టెలివిజన్ ప్రకటన. అందొక బాలిక బడినుండి వచ్చి, రాజకుమారుడు రాజకుమారుని బెండ్లాడిన కథను నేర్చుకొంటినని తల్లితో జెప్పును. తల్లి మనస్సున భయము బుట్టుట కంతమాత్రము చాలును. దీని కెదురుగా సమర్థకుల ప్రకటనలలో వివక్ష, రాజ్యాంగము, హక్కులు అను మాటలు నిండియుండెను గాని, ఎవరి పెండ్లికొరకు వాదించుచున్నారో ఆ స్త్రీపురుషులు దాదాపుగా గనబడనేలేదు. వారిని జూపిన నోటర్లు బెదరుదురని తలచిరి. కక్షిదారుని మొగమును దాచి వాదించు వకీలును న్యాయాధిపతి యేల నమ్మును?

అదే కాలమున థర్డ్ వే, ఫ్రీడమ్ టు మ్యారీ మొదలగు సంస్థలు చేయించిన పరిశోధనలలో నొక ప్రశ్నల జంట కలదు. చూచుటకు జిన్నదైనను ఫలమున బెద్దది. "మీ వంటివారు పెండ్లి యేల చేసికొందురు?" అని మొదట నడిగిరి. ప్రేమకొరకు, జీవితాంతము తోడుండుదుమను బాసకొరకు, అని యెక్కువమంది చెప్పిరి. "స్వలింగానురాగులు పెండ్లి నేల కోరుచున్నారు?" అని పిమ్మట నడిగిరి. హక్కులకొరకు, చట్టమువలన గలుగు లాభములకొరకు, అని పెక్కుమంది చెప్పిరి. ఈ రెండవ యుత్తరమును వారి కెవరు నేర్పిరి? ఉద్యమకారులే. ఏండ్ల తరబడి వేదికలమీద వారు వల్లించినది పన్నులు, బీమా, ఆస్తిహక్కు, ఆసుపత్రి హక్కు అను జాబితాయే. న్యాయస్థానమున నా భాష యవసరమే. కాని గుమ్మమున నిలిచి వినుచున్న గృహిణికి, "వీరు పెండ్లిని గోరుట లేదు, పెండ్లితో వచ్చు లాభమును గోరుచున్నారు" అని యది వినబడినది. నలువదిమంది పలకలమీదను ఒకే తప్పు. అది చెప్పినవారి నోటినుండి వచ్చిన తప్పు.

ఈ సంగతి తెలిసినపిమ్మట వారు తమ మాటతీరును మార్చుకొనిరి. 1983లోనే న్యాయవిద్యార్థిగా నుండి యీ విషయముపై గ్రంథపరిశ్రమ జేసిన ఇవాన్ వుల్ఫ్‌సన్ స్థాపించిన ఫ్రీడమ్ టు మ్యారీ సంస్థ 2011లో "వివాహమేల ముఖ్యము" అను నర్థమిచ్చు పేరుతో నొక ప్రచారమును నడపెను. ముప్పదేండ్లు కలిసి జీవించిన జంటలు, వారి తలిదండ్రులు, ఇరుగుపొరుగువారు, క్రైస్తవ గురువులు తమ కథలను దామే చెప్పిరి. "మొదట నాకును రుచింపలేదు, పిమ్మట నా కొడుకును జూచి యాలోచించితిని" అను తండ్రి మాటలోని బలము నూరు శాసనవాక్యములలో లేదని పరిశోధన తెలిపెను. వినువాడు తానింకను దాటని వంతెనను దనవంటివాడొకడు దాటుట చూచినప్పుడు ధైర్యము తెచ్చుకొనును. మేన్ రాష్ట్రమున 2009లో ఓటర్లు వివాహచట్టమును నూటికి 53 వోట్లతో గొట్టివేసిరి. ఉద్యమకారులు అచ్చట నింటింటికి దిరిగి, ఉపన్యసింపక, ప్రశ్నించి, విని, మాటలాడిరి. 2012 నవంబరు 6వ తేదీన నదే రాష్ట్రము నూటికి సుమారు 53 వోట్లతో దానిని స్వీకరించెను. నాడే మేరీలాండ్, వాషింగ్టన్ రాష్ట్రములును స్వీకరించెను. మిన్నెసోటా నిషేధసవరణను దిరస్కరించెను.

ఇచ్చట నొక పూర్వపక్షము గలదు. "ఇది సంస్కారమా, సంతబేరమా? ఏ మాట యెవరికి రుచించునో కొలిచి చూచి, ఆ మాటనే పలుకుట సబ్బులమ్మువారి విద్య కదా" యని కొందరు పెద్దలందురు. ఈ యాక్షేపము చులకనగా ద్రోసివేయదగినది కాదు. దీనికి సమాధానము: మాట మార్చుట వేరు, వస్తువును మార్చుట వేరు. వైద్యుడు రోగి భాషలో రోగమును వివరించిన మోసము కాదు. లేని రోగమును గల్పించిన మోసము. ఆ జంటలు ప్రేమకొరకు బెండ్లి కోరిరనుట సత్యము. అదివరకు జెప్పక దాచిన సత్యమును బరిశోధన బయటికి దెప్పించెను. సత్యమును జెప్పు పద్ధతిని వినువానినుండి నేర్చుకొనుట తలవంపు గాదు. గురువు శిష్యుని యధికారమును బట్టి బోధింపవలెనని మన శాస్త్రములును జెప్పుచున్నవి గదా.

అయినను హద్దొకటి కలదు. వినువారికి నచ్చునట్టి జంటలనే, అనగా కలిగిన యింటివారిని, చక్కని దుస్తులు ధరించినవారిని, కట్టుబాటు గలవారిని మాత్రమే ముందు నిలిపి, బీదలను, ఒంటరివారిని, వేషభాషలచే లోకమునకు వింతగా దోచువారిని దెరవెనుకకు నెట్టుట జరుగవచ్చును. మొదట గక్షిదారు లందరి మొగములను దాచిరి. పిమ్మట గొందరి మొగములను దాచుట దానికి దమ్ముడు వంటి తప్పు. ఎట్లు చెప్పవలెనో సర్వేనడిగి తెలిసికొనవచ్చును. ఎవరు మనవారో దాని నడుగగూడదు.

సత్యమును గూర్చి చెప్పుచుండగా నొక చేదు వృత్తాంతమును విడువరాదు. 2014 డిసెంబరులో సైన్స్ అను సుప్రసిద్ధ పత్రికలో నొక వ్యాసము వెలువడెను. స్వలింగానురాగియైన ప్రచారకుడు ఓటరు గుమ్మమున నిలిచి కొలదినిమిషములు మాటలాడినచో, ఆ యోటరు మనస్సు మారి నెలల తరబడి మారియేయుండునని యందు జూపిరి. లోకమంతయు మెచ్చుకొనెను. అట్టి పరిశోధనమునే తామును జేయబూనిన డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా యనువారు లెక్కలలో విపరీతములను గనిపెట్టి బయటపెట్టిరి. 2015 మేలో బత్రిక యా వ్యాసమును ఉపసంహరించుకొనెను. ఆ యిరువురును సంస్కారమునకు శత్రువులు కారు. "మన పక్షమునకు బనికివచ్చు నబద్ధము గదా, ఊరకుందము" అని వారు తలచియుండినచో శత్రువులు దానిని గనిపెట్టి, యుద్యమమునంతయు నబద్ధమనియుందురు. అంతటితో నాగక వారు నిజమైన పరీక్షను దామే చేసిరి. మయామీలో 56 మంది ప్రచారకులు 501 మంది ఓటర్లతో, లింగాంతరవ్యక్తుల విషయమున, సుమారు పది నిమిషముల చొప్పున సంభాషించిరి. అట్టి వ్యక్తులపై నున్న విముఖత తగ్గి, ఆ మార్పు మూడు నెలలైనను నిలిచినదని 2016లో నదే పత్రికలో బ్రకటించిరి. ఎదుటివానిని దిట్టక, అతడెన్నడైన దక్కువచూపునకు గురియైన సందర్భమును అతని నోటనే చెప్పించి, యా యనుభవమును బట్టి యాలోచింపజేయుట వారి పద్ధతి. లోకులు కాకులు కారని యీ పరీక్ష చెప్పుచున్నది.

ఇక మొదటి సామెతవారి వంతు. "మనస్సులు మారునని మీరే చెప్పుచున్నారు. అట్లయిన నవి మారువరకు వేచియుండరాదా? శుద్ధమైనదైనను లోకవిరుద్ధమైనచో నాచరింపరాదను నానుడి యెరుగరా?" యని వారడుగుదురు. ఎరుగుదును, దాని వయస్సును, అది చేసిన కీడును గూడ నెరుగుదును. అమెరికాలో తెల్లవారును నల్లవారును బరస్పరము వివాహమాడుటను నిషేధించు శాసనములను అచ్చటి సుప్రీముకోర్టు 1967లో గొట్టివేసెను. మరుసటి యేడు గాలప్ సంస్థ యడుగగా అట్టి వివాహముల నొప్పినవారు నూటికి 20 మందియే. ఒప్పనివారికంటె నొప్పినవారు మొదటిసారి మించినది 1991లో. అప్పటికిని సగము నిండలేదు. 2021లో నొప్పినవారు 94 మంది. లోకము సిద్ధమగువరకు న్యాయస్థానము వేచియున్నచో, ఇరువదినాలుగేండ్లు ఎన్ని కుటుంబములు నేరస్థులుగా బ్రదుకవలసియుండెను?

తైవాను దేశపు కథ యింకను విస్పష్టము. అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము 2017 మే 24వ తేదీన రెండేండ్లలోగా స్వలింగవివాహములకు జట్టము చేయవలయునని తీర్పు చెప్పెను. 2018 నవంబరులో జరిగిన రెఫరెండములో, పౌరస్మృతిలో వివాహము స్త్రీపురుషులకే పరిమితమై యుండవలయునని నూటికి 72 మంది వోటు చేసిరి. న్యాయస్థానపు తీర్పు నిలిచియుండుటచే పార్లమెంటు 2019లో బ్రత్యేకచట్టము చేసెను. ఆకాశము విరిగిపడలేదు. ఆ ప్రభుత్వపు సర్వేలలోనే యనుకూలుర సంఖ్య 2018లో 37 శాతముండగా 2021 నాటికి 60 శాతము చేరెను. ఊహకు భయంకరముగా దోచినది పొరుగింట గంటికి గనబడినప్పుడు సామాన్యమైపోయెను. చట్టమును నొక యుపాధ్యాయుడే. పాఠమర్థమైన పిమ్మటనే బడికి రమ్మని యతడు విద్యార్థులతో జెప్పడు.

ఆస్ట్రేలియాలో 2004లో పార్లమెంటు వివాహమన స్త్రీపురుషులదేయని చట్టమును సవరించెను. అప్పుడు ప్రజల నడుగవలెనని యెవరికిని దోపలేదు. 2017లో నా కట్టుబాటును దీసివేయవలసి వచ్చినప్పుడు మాత్రము, పార్లమెంటునకు సర్వాధికారము లుండియు, సుమారు 8 కోట్ల డాలర్లు వెచ్చించి తపాలాద్వారా ప్రజలందరి యభిప్రాయమును సేకరించిరి. కాగితములు పంపినవారు నూటికి 79.5 మంది, వారిలో సరేయనినవారు 61.6 మంది. ఫలితము శుభమే, డిసెంబరులో జట్టము వచ్చెను. కాని యా నెలలలో నొక జనసమూహము తన యిరుగుపొరుగువారిచే మార్కులు వేయించుకొనుచు నిలువవలసి వచ్చెను. ఐర్లండులో 2015 మే 22వ తేదీన జరిగిన రెఫరెండము రాజ్యాంగపు సవరణకు దప్పనిసరి. అచ్చట నూటికి 62 మంది యొప్పిరి. ఆ జయమునకు గారణము, ఎందరో సామాన్యులు తమ బ్రదుకులను దామే విప్పి చెప్పుకొనుట. ఆ జయమును నేను గొనియాడుదును. ఇరుగుపొరుగువారి తలుపులను దట్టి, "నేను మీతో సమానుడనగుట మీకు సమ్మతమా" యని యడుగవలసి వచ్చిన పరిస్థితిని గొనియాడజాలను. చదువరులలో దమ పెండ్లికి ఊరివారి వోటు నడిగినవారెవరైన గలరా?

లెక్కమీద నిలిచిన హక్కు లెక్కతో బాటు తూలును. అమెరికా సుప్రీముకోర్టు 2015 జూను 26వ తేదీన, అయిదుగురు న్యాయమూర్తులొక ప్రక్కను నలుగురొక ప్రక్కను నిలువగా, దేశమంతట నీ వివాహహక్కును స్థాపించెను. గాలప్ లెక్కలో నూటికి 71 వరకు బెరిగిన యనుకూలత 2025 మే నాటికి 68 అయినది. రిపబ్లికను పక్షమువారిలో 55 నుండి 41కి దిగినది. పక్షముల గాలి మారిన మనస్సులును మారుచున్నవని దీనివలన దెలియును. ఈ సూచన యుద్యమకారులకు మిక్కిలి విలువైనది. ఎచ్చట మాటలాడుట మానిరో అది చూపును. కాని ఈ తగ్గుదలను జూపి "హక్కును దీసివేయుడు" అనువాడు, వివాహమును సాలుసాలునకు మార్చు కౌలునామాగా జేయుచున్నాడు.

మరల మన దేశమునకు వత్తము. 2018 సెప్టెంబరు 6వ తేదీన స్వలింగసంబంధము నేరముకాదని తీర్పు చెప్పినప్పుడు, రాజ్యాంగనీతి సంఖ్యాబలము గలవారి నీతికి లోబడదని మన సుప్రీముకోర్టే చెప్పెను. వివాహమునొద్దకు వచ్చునప్పటికి, 2023లో, శాసనసభయే చూచుకొనవలయునని విడిచెను. ఆ వ్యాజ్యము హైదరాబాదున నివసించు జంట పేరనే ప్రసిద్ధమైనది. పునర్విచారణకై చేసిన మనవులును 2025 జనవరిలో ద్రోసివేయబడెను. వివాహమును గోరుట పట్టణములలోని సంపన్నుల కోరిక మాత్రమేయని కేంద్రప్రభుత్వము కోర్టులో వాదించెను. అది నిజమో కాదో తెలిసికొను మార్గము గలదు గదా! పల్లెలలో నడుగుడు, తెలుగున నడుగుడు, అత్తమామలయెదుట గాక చాటున నడుగుడు, చెప్పినవారి పేరు బయటికి రాదని మాటయిచ్చి యడుగుడు. అడుగకయే యుత్తరము వ్రాసికొనువారు ప్రజలను గౌరవించుచున్నామని చెప్పుట మాత్రము మానవలయును.

వివాహవిషయమున దలలెక్క మన సంస్కారచరిత్రకు గ్రొత్తది కాదు. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు విధవావివాహచట్టమును గోరి పంపిన యర్జీపై నున్న చేవ్రాళ్లు వేయిలోపు. రాధాకాంతదేవు పక్షమువారు ప్రతిగా బంపినదానిపై ముప్పదివేలకు మించినవి. చేవ్రాళ్లను లెక్కించియే నిర్ణయించియున్నచో 1856 నాటి చట్టము పుట్టకయే యుండెడిది. అయితే చట్టము పుట్టినంతనే పని తీరలేదు. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి విధవావివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ నిరువదియైదేండ్లు గడచెను. శాసనము తలలెక్కకు లొంగకుండ బుట్టవలెను. ఇండ్లలోనికి మాత్రము మాటద్వారమునను, మనస్సుద్వారమునను బ్రవేశింపవలెను. ఈ రెండు పనులలో నొకటి రెండవదానికి బదులు గాదు.

కావున సంస్కారాభిమానులగు గృహస్థులకు నా మనవి యిది. "లోకమొప్పదు" అని యెవరైన జెప్పినప్పుడు మూడు ప్రశ్నల నడుగుడు. ఎవరి నడిగితిరి? ఏ మాటలతో నడిగితిరి? అడుగుటకు ముందు వారికేమి తెలియజెప్పితిరి? ఈ మూడింటికి నుత్తరము లేనివాని "లోకము" వాని భయమునకు మారుపేరు. ఉత్తరము గలవాడైనచో వానిని గూర్చుండబెట్టి శ్రద్ధగా వినుడు, సంఖ్యలను వ్రాసికొనుడు. నూటికి తొంబదిమంది కాదనినను, ఆ తొంబది యిండ్ల చిరునామాలు మనకు దొరకినవని యర్థము. పోయి తలుపు తట్టవలసిన యిండ్లవియే. ఆ యిండ్లలో గొన్నిటియందు, తన మనస్సులోని మాటను దలిదండ్రులతో జెప్పలేక, పెండ్లిచూపులకు దలవంచి కూర్చుండు బిడ్డ యుండును. ఆ బిడ్డ హక్కు తక్కిన తొంబది తొమ్మిదిమంది దయ కాదు. కాని యా బిడ్డ యింట సుఖముగా నన్నము తినుటకు, ఆ తల్లి మనస్సు మారుట యవసరము. మొదటిది చట్టమును, రెండవది మనలను నడుగుచున్నది.